ఎదురుగాలికి నిలుచు బిళ్ళ

ఈ పత్రికలో మా వ్రాత కనబడినంతనే, ఏ యూరగాయ సంగతియో, ఏ వ్రతకథ సంగతియో చెప్పబోవుచున్నామని సోదరీమణులు తలచుట సహజము. ఈ మాసమునకు మమ్ము క్షమింపవలెను. మేము వ్రాయబూనినది యొక ప్లాస్టికు బిళ్ళను గూర్చి. అది మా వంటయింటి గూటిలో, చేటకు వెనుకగా నిలువబెట్టబడి యున్నది. జేనెడు వెడల్పు, 173 గ్రాముల బరువు, నారింజపండు రంగు. మా యత్తగారు దానిని రెండు దినములు పాలగిన్నెపై మూతగా వాడిరి. పిల్లి త్రోయలేని మూత ఇన్నాళ్ళకు దొరికినదని మెచ్చుకొనిరి గూడ.

ఆ బిళ్ళ మా యింటికి వచ్చిన విధము చెప్పవలెనన్న ముందుగా మా తమ్ముని సంగతి చెప్పవలెను.

వాడు మాకంటె నాలుగేండ్లు చిన్న. అమ్మ మా చిన్ననాడే పోవుటచే వానికి అన్నము కలిపి పెట్టినది మేమే. పదునొకండేండ్ల నుండి అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నున్నాడు. నిరుడు వైశాఖములో నాన్నగారు గతించినప్పుడు వాడు రాలేకపోయెను. వీసా కాగితముల చిక్కు. వచ్చిన మరల పోనిత్తురో లేదో, పోయినను ఉద్యోగ ముండునో లేదో యను భయము. కర్మ మా పినతండ్రి కుమారుడు చేసెను. వాడు ఫోనులో చూచుచు కూర్చుండెను. "రాలేక రాలేదు గాని, రాకూడదని కాదు గదా" అని మావారు ఎన్నిమారులు చెప్పినను, ఆ మాట మా చెవికెక్కినది గాని మనసుకెక్కలేదు. ఏడాది పొడవునా వానితో మేము మాటలాడినవి పండుగనాటి పది మాటలకు మించవు.

కాగితములు చక్కబడి, ఈ వైశాఖమున ఆబ్దికమునకు వచ్చెను. గన్నవరములో విమానము దిగి ఇంటికి వచ్చినవాని భుజమున బట్టల సంచి గాక వేరొక చిన్న సంచి యుండెను. అందులో నేమున్నదని మే మడుగలేదు. తద్దినము శాస్త్రోక్తముగా జరిగెను. మరునాటి వేకువను కల్లాపి చల్లుటకు లేచి చూతుము గదా, వాడు ఊరి వెలుపలి చేలలో ఒంటరిగా నిలిచి రంగురంగుల బిళ్ళలు విసరుకొనుచుండెను. తండ్రి తద్దినమునకు వచ్చి ఆటలా యని మాకు ఒడలు మండినది. ఎదురింటి పెద్దమ్మగారు గూడ ఆ మాటయే పైకి అనిరి. ఆమె అనుటచే మేము అనుట తప్పిపోయినది.

ఇచ్చట మా యూరి చేలను కొంచెము వర్ణింపవలెను. ఇది వర్ణన కొఱకు కాదు. గాలి ఎటు, కాలువ ఎటు అన్నది తెలియనిదే ఈ కథ తెలియదు. బెజవాడకు దిగువను, కృష్ణ కాలువల క్రింద నున్న పల్లె మాది. సార్వా వరి కోసిన పిదప, అదే చేలలో చల్లిన మినుము పీకివేయగా, ఉగాది దాటునప్పటికి నేల యంతయు బయలగును. నల్లరేగడి నెఱియలు విచ్చును. మా చేనికి ఉత్తరపు గట్టుగా పంటకాలువ తూర్పు పడమరలుగా పారును. వేసవిలో కాలువలు కట్టివేయుదురు గాని, ఊరి చెరువులు నింపుటకై నడుమ నడుమ త్రాగునీరు వదలుట కలదు. తమ్ముడు వచ్చిన దినములలో నీరు వదలి యుండిరి.

గాలి సంగతి డెల్టా ఆడువారికి చెప్పనక్కరలేదు. వేసవిలో వేకువను ఆకు కదలదు. ప్రొద్దెక్కిన పిదప పడమటి గాలి లేచి మధ్యాహ్నమునకు వడగాడ్పగును. సాయంకాలమునకు సముద్రము మీదుగా దక్షిణము నుండి పైరగాలి తిరుగును. ధాన్యము తూర్పారబట్టినవారికి, వడియములు పెట్టినవారికి, డాబాపై చీరలు ఆరవేసినవారికి ఈ లెక్క కంఠతా వచ్చును. ఆ బిళ్ళలాటలో సగము విద్య ఈ లెక్కయే యని మాకు తరువాత తెలిసినది.

ఆ యాట పేరు డిస్కు గోల్ఫు. గోల్ఫులో బంతిని కఱ్ఱతో కొట్టి గుంతలో పడవేయుదురు. ఇందులో బిళ్ళను చేతితో విసరి, గొలుసులు వ్రేలాడు ఇనుప బుట్టలో పడవేయుదురు. తక్కువ విసరులలో ముగించినవాడు గెలిచినట్లు. కాలిఫోర్నియా రాష్ట్రమున ఓక్ గ్రోవ్ అను తోటలో 1975లో మొదటి స్థిరమైన మైదానము ఏర్పడినదట. ఎడ్ హెడ్రిక్ అను నాయన దానిని ఏర్పరచి, పిమ్మట గొలుసుల బుట్టను గూడ కల్పించెను. ఆయన 2002లో చనిపోగా, ఆయన కోరిక ప్రకారము చితాభస్మమును ప్లాస్టికులో కలిపి బిళ్ళలు పోసిరట. ఆ మాట విని మా యత్తగారు "గంగలో కలుపక ఇదేమి పిచ్చి" అనిరి. మాకు మాత్రము ఆ సంగతి విన్న దినమున నిద్దుర పట్టలేదు.

బిళ్ళకు మూలము వంటిల్లే. 1937లో ఫ్రెడ్ మారిసన్ అను యువకుడు, తాను వివాహమాడబోవు లూసీల్ అను కన్యతో గూడి ఒక డబ్బా మూతను ఒకరికొకరు విసరుకొని యాడెను. మూత సొట్టలు పోగా కేకు వండెడి రేకు పళ్ళెమును పట్టిరి. సముద్రపుటొడ్డున వారాడుచుండగా చూచి, 5 సెంట్లు వెలగల ఆ పళ్ళెమునకు ఎవరో 25 సెంట్లు ఇత్తుననిరి. అంతట వారికి వర్తకపుటాలోచన పుట్టినది. మారిసన్ తరువాత చేసిన ప్లాస్టికు బిళ్ళను 1957లో వామ్-ఓ అను కంపెనీవారు కొని, ఫ్రిస్బీ యను పేర లోకమంతట అమ్మిరి. కావున మా యత్తగారు పాలగిన్నెపై మూత వేయుట బిళ్ళను పుట్టింటికి పంపినట్లే యైనది.

ఇక మా పిల్లవాడు. పదమూడేండ్లవాడు, ఎనిమిదవ తరగతి. మేనమామ సంచిలో నాలుగు బిళ్ళ లుండెను. ప్రతి బిళ్ళపై నాలుగేసి అంకెలు. మొదటి యంకె వేగమునకు, రెండవది గాలిలో తేలుటకు, మూడవది మొదట కుడివైపునకు ఒరుగుటకు, నాలుగవది కడపట ఎడమవైపునకు మరలుటకు. ఇది కుడిచేతిని ఎడమ ప్రక్కకు చుట్టి తెచ్చి ముందుకు విసరువారి లెక్క. ఎడమచేతివారికి దిక్కులు తారుమారగును. లెపర్డ్ అను బిళ్ళపై 6, 5, −2, 1. ఫైర్‌బర్డ్ అనుదానిపై 9, 3, 0, 4. డెస్ట్రాయర్ అనుదానిపై 12, 5, −1, 3. నాలుగవది ఈ నారింజరంగుది. దాని పేరు జోన్, అంకెలు 4, 3, 0, 3. పిల్లవాడు 12 చూచి దానిపైననే చేయి వేసెను. అంకె పెద్దదైన మార్కులు ఎక్కువ వచ్చినట్లనుకొను వయస్సు.

"ఇది నీకు ఇప్పుడు వద్దురా. ముందు దీన్ని పట్టుకో" అని మేనమామ లెపర్డును చేతికిచ్చెను. వేకువ గాలి లేనప్పుడు అది యెంత చక్కగా పోయెననుకొన్నారు! చిన్నవాని చేతినుండి వెడలి, కొంచెము కుడికి ఒరిగి, మరల తిన్ననై, చివర పావురము వాలినట్లు నేలపై వాలెను. మేము పెరటి గోడ వెనుకనుండి చూచుచునే యుంటిమి. కోపములో నున్నను చక్కని దానిని చక్కనిది కాదనుట కష్టము.

పది గంటలకు పడమటి గాలి లేచెను. "ఇంక చాలు" అని వాడు చెప్పుచుండగనే పిల్లవాడు పడమటి దిక్కునకు, గాలి కెదురుగా, మఱియొక మారు విసరెను. బిళ్ళ నాలుగు బారలు పోయి, చెంపదెబ్బ తిన్నట్లు కుడివైపునకు పూర్తిగా తిరుగబడి, నిలువుగా జారి, కాలువ నీటిలో మునిగెను. బరువైన ప్లాస్టికు తేలదట. పిల్లవాడు బావురుమనెను. తమ్ముడు చొక్కా విప్పి కాలువలోనికి దిగెను. మేము గోడ దాటి గట్టుపైకి పోతిమి. ఆ వచ్చిన మూడు దినములలో వాని దగ్గఱగా నిలిచినది అదియే మొదటిసారి.

వాడు నడుములోతు నీటిలో కాలితో తడవుకొనుచు, మాకు వీపు చేసి నిలిచి యుండెను. గాలి హోరుమనుచుండెను. ఉన్నట్టుండి నెమ్మదిగా ఏదో చదువుట వినబడెను. చెవి యొగ్గి వింటిమి. అమరకోశములోని వాయువు పేళ్ళు. నాన్నగారు మా యిద్దరిని వీథి యరుగుపై కూర్చుండబెట్టి వల్లె వేయించినవి. మొత్తము 20 పేళ్ళు. చిన్ననాడు వాడు ఎన్నడును కడవరకు పోయి యెఱుగడు. శ్వసనుని తోడను, సదాగతి తోడను మొదలిడి జగత్ప్రాణుని వద్ద ఆగిపోవుట వాని కలవాటు. నాన్నగారు బెత్తము తీయకుండ, మావైపు చూచెడివారు. మేము అందించెడివారము. ఆనాడును వాడు జగత్ప్రాణుని వద్దనే ఆగెను. కొంచెముసేపు గాలి హోరు మాత్రమే.

"సమీరణ" అంటిమి.

వాడు వెనుకకు తిరుగలేదు. "రాలేకపోయా నక్కా" అనెను.

మాకు ఏమనుటకు తోచలేదు. "జలగ లుంటాయి, బయటికి రా" అంటిమి.

ఆ బిళ్ళ దొరకలేదు. వాడు బయటికి వచ్చిన పిదప మేము కొంగుతో వాని తల తుడిచితిమి. ముప్పదిమూడేండ్లవాడని ఆ క్షణమున తోచలేదు.

మావారు లెక్కల మాస్టారు. బిళ్ళ మునిగినదను విచారము కంటె, కుడికే యేల తిరుగబడినదను ప్రశ్న వారికి ముఖ్యము. ఆ మధ్యాహ్నము వసారాలో బావమఱదు లిద్దరును కూర్చుండి మాకు విశదపఱచిన దిది. వేగముగా పోవు బిళ్ళను గాలి దాని వెనుకభాగమున ఎక్కువగా ఎత్తును. నెమ్మదించిన పిదప ముందుభాగమున ఎత్తును. మామూలు పలకనైన ముక్కు క్రిందికో పైకో వంచవలసిన బలమిది. కాని బిళ్ళ తిరుగుచున్నది గదా! బొంగరమును పడద్రోయబోయిన అది త్రోసినవైపు పడక, ప్రక్కకు ఒరిగి చుట్టు తిరుగుట పిల్లలందఱు చూచినదే. అట్లే బిళ్ళయు మొదట కుడికి, చివరకు ఎడమకు ఒరుగును. గంటకు 70 కిలోమీటర్ల వేగముతో విసరిన బిళ్ళ 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో ప్రవేశించిన, నేల లెక్కకు 70 యే గాని గాలి లెక్కకు 90. తన శక్తికి మించిన వేగము తగిలినట్లై, కుడికి ఒరుగు గుణము హెచ్చును. లెపర్డు వంటి మెత్తని స్వభావముగల బిళ్ళ ఆ దెబ్బకు తలక్రిందగును. వెనుకగాలిలో ఇందుకు విరుద్ధముగా, గాలి లెక్కకు 50 మాత్రమే యగుటచే, తేలుట తగ్గి ఎడమకు త్వరగా మరలి కూలును. మావారు సుద్దముక్కతో గచ్చుపై బొమ్మలు గీచిరి. అత్తగారు వచ్చి వానిపై అప్పడముల చాప పఱచిరి.

ఎదురుగాలికి తలయొగ్గని బిళ్ళలను ఆ యాటవారు ఓవర్‌స్టేబుల్ అందురు. మా యింట "మొండిబిళ్ళ" యను పేరు స్థిరపడినది. అవి కుడికి ఒరుగ నొల్లవు. చివరకు తప్పక ఎడమకు మరలును. మూడవ యంకె సున్నయో, సున్నకు దగ్గఱయో యుండి, నాలుగవ యంకె 3 గాని 4 గాని యైన మొండిబిళ్ళ యని గుర్తు. రెండవ యంకె, అనగా తేలుట, తక్కువైన మఱింత మేలు. తేలెడు బిళ్ళను గాలి పైకెత్తి తనకు నచ్చినచోట పడవేయును. చేతితో తడిమియు కొంత తెలిసికొనవచ్చును. వాని పైభాగము చాలవఱకు బల్లపరుపుగా నుండును. అంచు యొక్క మొన క్రిందికి జాఱక కొంచెము ఎత్తున నుండును. బరువునందును గమనిక వలయును. ఆట నియమము ప్రకారము బిళ్ళ వెడల్పున సెంటీమీటరునకు 8.3 గ్రాములు మించరాదు, మొత్తము 200 గ్రాములు మించరాదు. ఆ హద్దులోపల గాలిదేశమువారు బరువైనదానినే కోరుట మంచిది. తూర్పారబట్టునప్పుడు తాలు కొట్టుకొనిపోయి గట్టిగింజ చేటక్రిందనే పడుట మనకు కొత్త కాదు.

ఇంతవఱకు విన్నచో, ఫైర్‌బర్డే గాలికి తగిన బిళ్ళ యని యెవరైన అనుకొందురు. మేమును అట్లే యనుకొంటిమి. మరునాడు పది గంటల గాలిలో తమ్ముడు దానిని పడమటికి విసరెను. గాలి యున్నదను మాటయే ఎఱుగనట్లు తిన్నగా చీల్చుకొని పోయి, చివర ఎడమకు మరలి పడెను. మావారు అడుగులతో కొలిచి 96 అని పుస్తకమున వ్రాసిరి. పిమ్మట పిల్లవాడు దానినే విసరెను. అది యెగిరినదో లేదో, ఎడమకు తిరిగి నేలను గ్రుద్దుకొనెను. 24 అడుగులు. పదిమారులు విసరినను అంతియే. వానికి ఏడుపు వచ్చుచుండెను.

"నువ్వు విసురు అక్కా" అని తమ్ముడు మా చేతికిచ్చెను. మేము చుట్టు చూచితిమి. పెద్దమ్మగారు గోడపై నుండి చూచుచునే యుండిరి. చూడనిమ్మని పైట బిగించి విసరితిమి. 19 అడుగులు.

బిళ్ళలు ఎంచుకొనుటలో క్రొత్తవారు చేయు పొరపాటు ఇదియే యని వాడు చెప్పెను. బిళ్ళపై నున్న అంకెలు దానికి తగిన వేగముతో విసరినప్పటి లెక్కలు. 9 వేగముగల బిళ్ళకు 9 కి తగిన చేయి వలయును. అంత బలము లేని చేతిలో అది తన యెగురు వేగమునే అందుకొనదు. అందుకొననిదానికి మొదటి భాగము లేదు, ఎడమకు కూలెడు చివరి భాగము మాత్రమే యుండును. ఇక 12 అంకె డెస్ట్రాయరు మాటయేమి! తానే దానిని నెలకొక మారు తీయుదుననియు, తీసిన దినమున సిగ్గుపడుదుననియు వాడు నవ్వెను. గాలి కెదురు నిలుచుట కేవలము బిళ్ళ గుణము కాదు, బిళ్ళయు చేయియు కలిసిన గుణము. కావున బలము చాలని చేతికి ఎదురుగాలిలో కావలసినది వేగపు అంకె తక్కువయై, మొండితనము మాత్రము తగ్గనిది.

అది యీ నారింజరంగు జోన్. వేగము 4 మాత్రమే. దూరము పోవుటకు గాక, బుట్టకు చేరువగా పడవేయుటకు చేసిన బిళ్ళ. పిల్లవాడు తృణీకరించుచునే విసరెను. ఎదురుగాలిలో అది క్రిందుగా, తిన్నగా, తొందర లేక పోయి, చివర కొంచెము ఎడమకు జరిగి కూర్చుండెను. 37 అడుగులు. రెండవమారు 35. మూడవమారు 38. మావారు పుస్తకము నుండి తల యెత్తి "చూచితివా, చెప్పినచోటనే పడుచున్నది" అనిరి. మాకు 29 వచ్చినవి. అదియు మూడుమారులు ఒక్కచోటనే. ఎదురుగాలిలో మిక్కిలి బలముగా విసరబోవుట గూడ కీడే యని తమ్ముడు నేర్పెను. బలము హెచ్చిన గాలిలెక్క మఱింత హెచ్చును. తగ్గించి, ముక్కు పైకి లేవనీయక, నేలకు దగ్గఱగా పంపవలెను.

మొండిబిళ్ళ అన్ని గాలులకును మందు కాదని ఆ సాయంకాలమే తెలిసినది, అదియు మా చేతిమీదుగానే. పైరగాలి తిరిగినది. పడమటి చివరనుండి ఇంటివైపునకు, అనగా తూర్పునకు, బిళ్ళను మేమే విసరితిమి. ఇప్పుడు గాలి మాకు కుడివైపు నుండి వచ్చుచున్నది. బిళ్ళ చివర ఎడమకు ఒరుగునప్పుడు దాని అడుగుభాగము కుడివైపునకు, అనగా గాలికి, ఎదురై నిలుచును. చాప నిలువుగా పట్టుకొని డాబాపై నడచిన ఏమగునో అదియే జరిగినది. గాలి దానిని అడుగున పట్టి ఎత్తి ఉత్తరమునకు, తిన్నగా కాలువవైపునకు, తోలుకొనిపోయెను. అదృష్టవశమున నీటి అంచున బురదలో నిలువుగా గ్రుచ్చుకొనెను. మేము గట్టు దిగి, మోకాటి వఱకు బురదలో పోయి తీసితిమి. పెద్దమ్మగారు "మాస్టారి భార్య కాలువలో దిగినది" అని కేక వేయుట వినబడినది. నిజమే గదా యని ఊరకుంటిమి. అదే గాలి ఎడమనుండి వచ్చినయెడల ఒరిగిన బిళ్ళకు వీపున తగిలి నేలకు అణచివేయును. దూరము తగ్గును గాని నష్టము లేదు. కావున విసరుటకు ముందు గాలి ఎటో చూడవలెను. అందుకై ఆ యాటవారు గడ్డిపోచలు తుంచి గాలిలో వదలుదురట. అత్తగారు విని "ఇంత మాత్రమునకు అమెరికా పోవలెనా" అని, గుప్పెడు ఊక తెచ్చి పోసి చూపించిరి.

తమ్ముడు పోవు దినము వచ్చెను. "ఒకటి వీడి కిచ్చి పోతా. ఏది కావాలో నువ్వే చెప్పు అక్కా" అనెను. పిల్లవాని చూపు డెస్ట్రాయరుపైననే యున్నది. మేము ఒక దినము ఆలోచించితిమి. లెపర్డు దొరకి యుండిన, చేయి నేర్చుకొనుటకు దానివంటిది మఱియొకటి లేదు. కాని అది వేకువ బిళ్ళ. పిల్లవానికి వేకువను బడికి పోవు తొందర. వాని కాట దొరకునది సెలవు దినముల ఎండప్రొద్దునను, సాయంకాలపు గాలిలోను. ఒక్కటే బిళ్ళ గల ఇంటికి, గాలి తప్పని ఊరికి, ఎదుగుచున్న చేతికి నాలుగంకె మొండిబిళ్ళయే మేలని నిశ్చయించితిమి. పిల్లవాడు ఒకపూట అన్నము మానెను. రెండవపూట తినెను.

ప్లాస్టికులో గూడ భేదము కలదు. చవుకరకము బిళ్ళలు రాళ్ళకు, చెట్లకు తగిలి అంచు అరిగినకొలది మొండితనము కోల్పోయి మెత్తబడును. గట్టిరకము చిరకాలము నిలుచును. మాది గట్టిరకమే. ఎండలో పడవేసిన వంగునని చెప్పుటచే గూటిలో పెట్టుచున్నాము. పాలగిన్నె మూత పనిని మాన్పించుటకు మాత్రము అత్తగారితో కొంత మంతనము కావలసి వచ్చినది. బదులుగా ఒక కంచు మూత కొని యిచ్చితిమి.

గన్నవరమునకు మేమును పోతిమి. కారులో వాడు పెద్దగా మాటలాడలేదు. లోనికి పోవుచు, తన చిన్న సంచి తూనికలో బరువు హెచ్చినదను నెపముతో ఫైర్‌బర్డును గూడ తీసి మా చేతిలో పెట్టెను. "వాడి చెయ్యి పెరిగాక ఇయ్యి" అనెను. అది ఇప్పుడు నాన్నగారి పుస్తకముల బీరువాలో, అమరకోశము ప్రక్కనున్నది. పిల్లవానికి తెలియదు. ఈ పత్రిక వాడు చదువడు.

ప్రతి యాదివారము వారికి తెల్లవారక మునుపే, మాకు సాయంకాలము, ఫోను మ్రోగును. ఆటకు బయలుదేరబోవుచు చేయును. పూర్వము "బాగున్నారా" అని మొదలు పెట్టెడివాడు. ఇప్పుడు మొదటి మాట "అక్కా, అక్కడ గాలి ఎటు?" మేము ఫోను చెవినుంచుకొనియే డాబా యెక్కి, తీగపై చీర ఎటు కొట్టుకొనుచున్నదో చూచి చెప్పుదుము. వాడు అక్కడిది చెప్పును. పిల్లవాడు క్రిందనుండి, జోన్ చేత పట్టుకొని, పైరగాలి తిరిగినదా లేదా యని కేక వేయుచుండును.